కెర్రీలో ఒక మేరీ సల్లివన్‌ని వెతకడం: తొమ్మిది నెలల నా అనుభవం

మా అత్తగారి అమ్మమ్మ ఐర్లాండులో పుట్టి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్ చేరింది. పేరు మేరీ, ఇంటిపేరు సల్లివన్. ఐర్లాండులోని కెర్రీ కౌంటీలో ఆ పేరుగల ఆవిడను వెతకడమంటే కృష్ణా జిల్లాలో లక్ష్మి అనే ఆవిడను వెతకడం లాంటిదే. 2025 జనవరి 12న మొదలుపెట్టాను. సెప్టెంబరు 11న ఆమె పుట్టిన చోట నిలబడ్డాం. ఏ పనికి ఎన్నాళ్ళు పట్టింది, ఎక్కడ దారి తప్పాం, డబ్బు దేనికి ఖర్చయింది అన్నది వరసగా రాస్తున్నాను. ఇదే పనిలో దిగబోయేవాళ్ళకు ముందుగా ఒక మాట: ఊరి పేరు చేతికొచ్చేదాకా ఐర్లాండు రికార్డులు తెరవకండి. నేను తెరిచి మూడు వారాలు పోగొట్టుకున్నాను.

అత్తగారి పెట్టెలో దొరికినవి మూడే. 1946లో మేరీ పోయినప్పుడు అచ్చువేసిన ప్రార్థన కార్డు, పెళ్ళి ఫోటో, ఒక రాతి ఇంటి ఫోటో. ఇంటి ఫోటో వెనక పెన్సిలుతో ‘లారా’ అని ఉంది. ‘అమ్మమ్మ వాళ్ళది కార్క్’ అని ఇంట్లో అందరూ చెప్పేవాళ్ళు. ఐర్లాండు మ్యాపులో లారా అని వెతికితే ముందు విక్లో కౌంటీలో గ్లెండలాక్ పక్కనున్న ఊరు తగిలింది. తరవాత కార్క్‌లో ఒకటి, ఇంకా వేరే కౌంటీల్లో కొన్ని. జనవరి ఆఖరుదాకా ఈ లారాలన్నిటి జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టర్లు తిరగేశాను. ఒక్కటీ కుదరలేదు. కార్క్ అన్నది ఆమె పుట్టిన చోటు కాదు, ఓడ ఎక్కిన చోటు. ఇప్పుడు కోవ్ అని పిలిచే అప్పటి క్వీన్స్‌టౌన్ రేవు కార్క్ కౌంటీలో ఉంది. చాలా కుటుంబాల్లో ఇదే జరుగుతుంది: రేవు పేరు రెండు తరాలు గడిచేసరికి సొంతూరైపోతుంది.

అప్పుడు వెనక్కి వచ్చి అమెరికా కాగితాలు పట్టుకున్నాను. పౌరసత్వ పత్రాల్లో ఊరు ఉంటుందని చాలామంది సలహా ఇస్తారు. ఆడవాళ్ళ విషయంలో అది పనిచేయదు. 1922 సెప్టెంబరు దాకా పెళ్ళయిన స్త్రీకి భర్త పౌరసత్వమే వచ్చేది, ఆమె పేరుమీద విడిగా దరఖాస్తే ఉండదు. మగవాళ్ళవైనా 1906కి ముందువాటిలో ‘ఐర్లాండు’ అన్న ఒక్క మాటే ఎక్కువగా కనిపిస్తుంది. రాష్ట్రం ఇచ్చే వివాహ రికార్డులో తల్లిదండ్రుల పేర్లు దొరికాయి: తండ్రి డేనియల్, తల్లి హానా ఓషియా. పుట్టిన చోటు మాత్రం మళ్ళీ ‘ఐర్లాండు’. 1895 నాటి ఓడ ప్రయాణికుల జాబితాలో వయసు ఇరవై అని, బోస్టన్‌లోని అక్క దగ్గరికి వెళ్తోందని ఉంది. ఎవరి దగ్గరికి వెళ్తున్నారో అడగడం 1893 చట్టం నుంచి వచ్చింది, అందువల్ల ఆ తరవాతి జాబితాలు ఎక్కువ పనికొస్తాయి.

ఊరు చెప్పింది చర్చి. 1899లో పెళ్ళి జరిగిన కతోలిక విచారణకు (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం, ఇంగ్లిషులో పారిష్) ఫిబ్రవరి 6న ఉత్తరం రాసి, పాతిక డాలర్ల చెక్కు కానుకగా పెట్టాను. జవాబు మార్చి 27న వచ్చింది, ఏడు వారాలు. ఆ ఏడు వారాలు ఏమీ చేయలేకపోవడం అన్నిటికన్నా కష్టమనిపించింది. అత్తగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, ‘ఏమైనా వచ్చిందామ్మా?’ అని అడిగేవారు. వచ్చిన కాగితంలో పెళ్ళికూతురి పేరు పక్కన చర్చి గురువు చేతిరాతలో ‘టూసిస్ట్, కెర్రీ’ అని ఉంది, స్పెల్లింగు తప్పుతో. టూసిస్ట్ బేరా ద్వీపకల్పం ఉత్తరపు ఒడ్డున, కెన్‌మేర్‌కి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న విచారణ. అందులోని పల్లె పేరు లారా. ఇంగ్లిషులో రాస్తే విక్లోలోని లారాకి, దీనికి ఒక్క అక్షరమే తేడా.

అక్కడినుంచి పని ఐర్లాండుకి మారింది. అక్కడి భూవిభాగాలు ముందు అర్థం చేసుకోవాలి. అన్నిటికన్నా చిన్నది టౌన్‌ల్యాండ్. మన శివారు పల్లె లాంటిది, కొన్నిట్లో పది ఇళ్ళు కూడా ఉండవు. దేశంలో అరవై వేలకు పైగా ఉన్నాయి, పల్లెల్లో చిరునామా అంటే అదే. దానిపైన సివిల్ పారిష్, బారొనీ, కౌంటీ. ఇవి కాక కతోలిక విచారణ వేరు, దాని హద్దులు సివిల్ పారిష్‌తో కలవనక్కర్లేదు. జనన మరణాల నమోదుకి పూర్ లా యూనియన్ (బీదల సాయంకోసం ఏర్పరచిన విభాగం) హద్దులు వాడారు, మాకు అది కెన్‌మేర్. ఒకే ఇల్లు మూడు రికార్డుల్లో మూడు పేర్లకింద ఉంటుంది. ఒక కాగితం మీద ఈ పేర్లన్నీ రాసి గోడకు అంటించుకున్నాక నా తడబాటు తగ్గింది.

కెర్రీ మనుషులకు ఒక అదృష్టం ఉంది. ప్రభుత్వ సైటు ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఇలో కెర్రీ చర్చి రికార్డులు సూచికతో సహా ఉచితం. కార్క్‌లో కొంత భాగం, డబ్లిన్ నగరం, కార్లోలో కొన్ని కూడా ఉన్నాయి. మిగతా కౌంటీలకు చాలావరకు రూట్స్ఐర్లాండ్ సైటులో చందా కట్టాలి. లేకపోతే డబ్లిన్ జాతీయ గ్రంథాలయం 2015 జూలైలో ఉచితంగా పెట్టిన రిజిస్టర్ బొమ్మలు పేజీ పేజీ తిప్పుకోవాలి. అవి 1880 ప్రాంతందాకానే ఉంటాయి.

ఐరిష్‌జీనియాలజీ సైటులోనే సివిల్ రికార్డులూ, అంటే ప్రభుత్వం నమోదుచేసినవీ ఉన్నాయి: జననాలు నూరేళ్ళు దాటినవి, పెళ్ళిళ్ళు డెబ్బై ఐదేళ్ళు దాటినవి, మరణాలు యాభై ఏళ్ళు దాటినవి. కతోలికుల జననాలు, పెళ్ళిళ్ళు, మరణాలు 1864 జనవరి 1 నుంచే నమోదయ్యాయి. నేను సివిల్ జననాలతో మొదలుపెట్టాను, అది తప్పు. 1900కి ముందు జననాల సూచికలో తల్లి పుట్టింటిపేరు ఉండదు. కెన్‌మేర్ జిల్లాలో మేరీ సల్లివన్ అని కొడితే వచ్చినవన్నీ ఒక్కొక్కటి తెరిచి చూడాల్సి వచ్చింది. పది రోజుల సాయంత్రాలు, వందకు పైగా బొమ్మలు. చర్చి సూచికలో తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టింటిపేరు మూడూ ఇచ్చి వెతకొచ్చు. అదే పని అరగంటలో తేలింది. ముందు చర్చి, తరవాత సివిల్.

ఐరిష్ కతోలిక రిజిస్టర్లలో మనకు నచ్చే విషయం ఇదే: బిడ్డ జ్ఞానస్నానంలో తల్లిని పుట్టింటిపేరుతోనే రాస్తారు. కానీ పేర్లు నిలకడగా ఉండవు. అమెరికాలో హానా ఓషియా అయిన ఆవిడ జ్ఞానస్నాన రిజిస్టర్లో జోఆనా షియా, సివిల్ రికార్డులో జోహానా షియా. ‘ఓ’ ఉన్నా లేకపోయినా ఒకటే పేరు అనుకుని వెతకాలి. లాటిన్లో రాసిన పేజీల్లో జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్ముస్ అవుతాడు. ఇంకా చిక్కు ఐరిష్ పేర్లతో. డార్బీ, జెరెమయా ఒకే మనిషి కావచ్చు. టిమొతీ, థాడీ కూడా అంతే. బ్రిజెట్ అమెరికా వెళ్ళి డెలియా అవుతుంది.

ఏప్రిల్ 9న దొరికింది: 1869 నవంబరులో జ్ఞానస్నానం, తండ్రి డేనియల్ సల్లివన్, తల్లి జోఆనా షియా, టూసిస్ట్. అత్తగారికి ఫోన్ చేశాను, ఆవిడ ఏడ్చారు. పదకొండు రోజుల తరవాత మిగతా పిల్లల్ని పేర్చుకుంటుంటే అదే తల్లిదండ్రులకు, అదే టౌన్‌ల్యాండులో, 1874 మే 10న ఇంకో మేరీ కనిపించింది. ఇలా కనిపిస్తే రెండే దారులు. ఒకే పేర్లున్న రెండు జంటలు ఉండాలి, లేదా మొదటి బిడ్డ పోయి ఉండాలి. పోయిన బిడ్డ పేరు తరవాతి బిడ్డకు పెట్టడం అక్కడ మామూలు. మరణాల్లో వెతికితే 1871లో దొరికింది: మేరీ సల్లివన్, వయసు ఏడాదిన్నర, రైతు బిడ్డ, కోరింత దగ్గు, వైద్యుడు చూడలేదు. రిజిస్ట్రారుకి చెప్పింది తండ్రి, సంతకం బదులు ఇంటూ గుర్తు. మనం వెతుకుతున్నది రెండో మేరీని. ఈ మాట అత్తగారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తరవాత ‘ఆ పాప పేరు కూడా కాగితంలో రాయి’ అన్నారు. దొరికిన మొదటి పేరు దగ్గర ఆగకుండా పిల్లలందరినీ పేర్చాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

రెండో మేరీ పుట్టినరోజు సివిల్ రికార్డులో 1874 జూన్ 6. జ్ఞానస్నానం మే 10. పుట్టకముందే జ్ఞానస్నానం జరగదు కదా. నమోదు గడువు దాటితే జరిమానా ఉండేది, అందువల్ల తల్లిదండ్రులు అసలు తేదీకి బదులు తరవాతి తేదీ చెప్పేవాళ్ళు. చర్చి తేదీనే నమ్మాలి. అమెరికా 1900 జనాభా లెక్కల్లో ఆమె పుట్టింది 1876 మే అని ఉంది, సమాధి రాయి మీద 1878. నెల సరిపోయింది, సంవత్సరం జారుతూ పోయింది. వయసు ఐదారేళ్ళు తేడా వచ్చిందని ఎవరినీ పక్కన పెట్టకండి.

మే నెలంతా జనాభా లెక్కలు. ఐర్లాండు మొత్తానికీ పూర్తిగా మిగిలిన పాతవి రెండే: 1901 మార్చి 31 రాత్రివి, 1911 ఏప్రిల్ 2వి. అంతకుముందువి కొన్ని 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డుల భవనంతో కాలిపోయాయి, కొన్ని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. కతోలిక రిజిస్టర్లు ఆ భవనంలో లేవు, విచారణల్లోనే ఉన్నాయి, అందుకే బతికాయి. జాతీయ ఆర్కైవ్స్ ఈ రెండు లెక్కలనూ ఉచితంగా పెట్టింది. పేరుతో కొడితే మా ఇల్లు దొరకలేదు, సూచిక తయారుచేసినవాళ్ళు ఇంటిపేరు తప్పు చదివారు. కౌంటీ, ఎలక్టోరల్ డివిజన్, టౌన్‌ల్యాండ్ అని మెట్లు దిగుతూ వెళ్తే ఐదో ఇంట్లో ఉన్నారు.

చాలామంది కుటుంబం వివరాలుండే ‘ఎ’ ఫారం చూసి ఆగిపోతారు. మిగతావి కూడా తెరవండి. ‘బి1’ ఫారంలో ఇంటి గోడలు రాయా మట్టా, కప్పు పలకరాయా గడ్డా, గదులెన్ని, ముందు కిటికీలెన్ని అని అంకెలు వేసి ఇంటికి తరగతి కడతారు. మా ఇల్లు రాతి గోడలు, గడ్డి కప్పు, ముందు రెండు కిటికీలు. ‘బి2’లో ఆవుల కొట్టం ఒకటి, పందుల దొడ్డి ఒకటి, కోళ్ళ గూడు ఒకటి. పెట్టెలోని ఆ రాతి ఇంటి ఫోటోకి పక్కన పెట్టుకుని చదివాం.

1901లో మేరీ తల్లి జోహానా వయసు 58. 1911లో 74. పదేళ్ళలో పదహారేళ్ళు పెరిగింది. ఇది పొరపాటు కాదు. 1909 జనవరి 1 నుంచి డెబ్బై నిండినవాళ్ళకు వారానికి ఐదు షిల్లింగులదాకా పింఛను మొదలైంది. పుట్టిన తేదీకి పత్రం లేని తరం అది, చూపించుకోవలసింది ఎక్కువ వయసే. అందువల్ల ఆ తరంవాళ్ళ వయసు 1901దే నిజానికి దగ్గర, అదైనా పూర్తిగా నమ్మలేం.

1911 ఫారంలో పెళ్ళయిన స్త్రీలను ఒక ప్రశ్న అడిగారు: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. జోహానా అప్పటికి వితంతువు, నిజానికి ఆమె జవాబివ్వక్కర్లేదు. ఇచ్చింది. లెక్క సరిచూసినవాళ్ళు గీత కొట్టేశారు. గీత కింద అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి: పుట్టినవాళ్ళు 11, ఉన్నవాళ్ళు 8. వితంతువుల ఫారాల్లో ఇలా కొట్టేసిన అంకెల్ని తప్పకుండా చదవండి. అప్పటికి నా దగ్గర పదిమంది పేర్లే ఉన్నాయి.

జూన్‌లో మేరీ తల్లిదండ్రుల పెళ్ళి వెతికాను. పెద్ద కొడుకు 1863లో పుట్టాడు కాబట్టి పెళ్ళి 1864కి ముందు, సివిల్ రికార్డు ఉండదు, చర్చి ఒక్కటే దారి. అక్కడ ఒక చిట్కా ఉంది. తపస్సు కాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాసాలు) పెళ్ళిళ్ళు చేయరు, అందువల్ల పల్లెల్లో పెళ్ళిళ్ళన్నీ దానికి ముందు వారాల్లో గుంపుగా జరిగేవి, మూఢం వచ్చేలోపు మన ముహూర్తాల్లాగా. జనవరి, ఫిబ్రవరి, మార్చి పేజీలే చూస్తే సగం పని తగ్గుతుంది. 1862 ఫిబ్రవరిలో దొరికారు. పక్కన లాటిన్లో చిన్న వాక్యం: మూడో స్థాయి రక్తసంబంధానికి మినహాయింపు ఇచ్చినట్టు. అంటే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు రెండో తరం దాయాదులు, వాళ్ళ తాతలో అవ్వలో తోబుట్టువులు. రెండో స్థాయి అయితే తోబుట్టువుల పిల్లలు. మేనరికం చేసుకునే మన ఇళ్ళలో ఇది చదివితే వింతగా ఉంటుంది. మనం కోరి చేసుకునే సంబంధానికి అక్కడ చర్చి అనుమతి కావాలి. ఆ అనుమతి అడిగినందువల్లే నూట అరవై ఏళ్ళ తరవాత మాకు ఒక తరం వెనక చుట్టరికం తెలిసింది.

పేర్లు పెట్టే పద్ధతి మాత్రం మనదే. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు. అందరూ ఖచ్చితంగా పాటించారని కాదు కానీ, పెద్దవాడి పేరు మైకేల్ కాబట్టి తాత మైకేల్ అయ్యుండాలని ఊహించాను. జూలైలో గ్రిఫిత్ మదింపు తెరిచాను. 1847 నుంచి 1864 దాకా ఇంటింటికీ, పొలంపొలానికీ పన్నుకోసం కట్టిన విలువల జాబితా అది, ఆస్క్ఎబౌట్ఐర్లాండ్ సైటులో మ్యాపులతో సహా ఉచితం. మా టౌన్‌ల్యాండులో మైకేల్ సల్లివన్లు ముగ్గురు! అలాంటప్పుడు పేరు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరో, మారుపేరో రాశారు. ఒకతను ‘మైకేల్ సల్లివన్ (డేనియల్)’. అతని మనవడికే మళ్ళీ మైకేల్ పేరు వచ్చిందని పొలం చేతులు మారిన వరసను బట్టి తేలింది. జాబితాలో భూస్వామి గడిలో లాన్స్‌డౌన్ మార్క్విస్ పేరు. 1851 నుంచి ఆ ఎస్టేటు కెన్‌మేర్ ప్రాంతపు బీదవాళ్ళను ఓడ ఖర్చులిచ్చి అమెరికా పంపేసింది, చాలామంది న్యూయార్క్‌లోని ఫైవ్ పాయింట్స్‌లో తేలారు. ఈ ప్రాంతంలో మీ కుటుంబం 1851 తరవాత రిజిస్టర్లో ఒక్కసారిగా మాయమైతే ముందు అక్కడ చూడండి.

మీ వాళ్ళు కతోలికులు కాకపోతే కథ వేరు. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ రిజిస్టర్లు చాలా 1922 మంటల్లో పోయాయి, మిగిలినవాటికి డబ్లిన్‌లోని ఆ చర్చి గ్రంథాలయాన్ని అడగాలి. ప్రెస్బిటీరియన్లకు బెల్‌ఫాస్ట్ ఆర్కైవ్స్. సికింద్రాబాదులో, విశాఖలో ఐరిష్ సైనికుల సంతతివాళ్ళైతే ఊరి పేరుకోసం అమెరికా వెళ్ళక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఫిబిస్ పెట్టిన సూచిక ఉచితం. లండన్‌లో క్యూ అనే చోటున్న జాతీయ ఆర్కైవ్స్‌లోని సైనికుల విడుదల పత్రాల్లో పుట్టిన పారిష్ రాసి ఉంటుంది. కంపెనీ కాలపు మద్రాస్ ఫ్యూజిలియర్సే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో కలిసింది.

సెప్టెంబరు 8న డబ్లిన్ చేరాం. కిల్డేర్ వీధి జాతీయ గ్రంథాలయంలో వంశవృక్షాల సలహా ఉచితం, అక్కడ నలభై నిమిషాలు కూర్చున్నాం. మా పదకొండో బిడ్డ గురించి అడిగాం. తల్లి కాన్పుకి పుట్టింటికి వెళ్ళి ఉంటే పక్క విచారణ రిజిస్టర్లో ఉంటుందన్నారు. మన ఇళ్ళలో తొలి కాన్పుకి చేసేదే కదా, నాకు ముందే తట్టి ఉండాల్సింది. పక్క విచారణలు ఇంకా సగమే చూశాను.

11న లారా. టౌన్‌ల్యాండ్ పేరు రాయను, వాళ్ళ బంధువులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఇంటికి కప్పు లేదు, గోడలున్నాయి, ముందు రెండు కిటికీల ఖాళీలు. కిల్మకిల్లోగ్ పాత శ్మశానంలో చాలా సమాధులకు పేరు లేని రాయి మాత్రమే ఉంటుంది, ఖననాల రిజిస్టర్లు కూడా కతోలిక విచారణల్లో అరుదు. తాతల సమాధి దొరుకుతుందన్న ఆశతో వెళ్ళకండి. అత్తగారు గోడమీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నారు.

ఖర్చులో పెద్దది ప్రయాణమే. రికార్డులకైతే చర్చి కానుక పాతిక డాలర్లు, అధికారిక జనన పత్రానికి 20 యూరోలు. ఆ పత్రం ఎందుకంటే, అమ్మమ్మ ఐర్లాండులో పుట్టింది కాబట్టి అత్తగారు విదేశీ జననాల రిజిస్టర్లో పేరు ఎక్కించుకుని ఐరిష్ పౌరురాలు కావచ్చు. రుసుము 278 యూరోలు. మా ఆయనకు మాత్రం కుదరదు, ఆయన పుట్టకముందే అత్తగారు నమోదై ఉండాల్సింది. పుట్టిన తేదీగా వాళ్ళు తీసుకునేది సివిల్ పత్రంలోని జూన్ 6నే, చర్చి తేదీ కాదు. దరఖాస్తు అక్టోబరు 3న పోస్టు చేశాం.

1926 ఏప్రిల్ 18 రాత్రి తీసిన లెక్కలకు నూరేళ్ళ గోప్యత 2026 ఏప్రిల్ దాకానే. ఆ ఫారంలో వయసును సంవత్సరాలు, నెలల్లో అడిగారు. ఆ ఇంట్లో అప్పటికి మేరీ తమ్ముడు ఉండాలి.